ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోతే సెన్సార్ మార్చేస్తే చాలంట!

లారీ ఓనర్ల గ్రూపుల్లో ఓ ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటది. అందులో ఉన్నదేంటంటే, డాష్‌బోర్డు మీద ఆయిల్ ప్రెషర్ మీటరు ముల్లు పడిపోతే నూటికి తొంభై సార్లు సెన్సారే పోయినట్టు, మార్చేసి నడుపుకోండి. అప్పటికీ లేవకపోతే గట్టి ఆయిల్, అంటే ఇంకా చిక్కటిది పోయండి, ఓ లీటరు ఎక్కువే పోయండి. ఎర్ర లైటు వెలగనంతవరకు భయం లేదు. ముల్లు పైన నిలబడితే ఇంజిన్ కొత్తదాని కిందే లెక్క. మా బావమరిది దీన్ని తెచ్చి నాకే పంపాడు, నా కథ తెలిసి కూడా.

ముందు సెన్సార్ సంగతి. సెన్సార్లు పోవని నేననట్లేదు, పోతాయి, వైరు తెగుద్ది, కనెక్టర్‌లోకి నీళ్లు దిగుతాయి. కానీ పోయిందో లేదో తేల్చుకోకుండా మార్చేసి వెళ్లిపోవడమేంటి? నేనూ అదే చేశాను 2016లో. మేళ్లచెరువులో సిమెంట్ లోడెత్తి వైజాగ్ పోతున్నా, కీసర టోల్ గేట్ క్యూలో ఆగేసరికి స్లోలో, అంటే బండి నిలబడి ఇంజిన్ మాత్రం మెల్లగా తిరుగుతుంటే, ముల్లు అడుగుకి పోయింది, కొంచెం రేస్ ఇస్తే లేచింది, పొద్దున స్టార్ట్ చేసినప్పుడు మాత్రం భేషుగ్గా ఉంది. రోడ్డు పక్కన ఒకాయనతో సెన్సార్ మార్పించా, కలపర్రు టోల్ దగ్గర మళ్లీ అదే వేషం, ఇదీ డూప్లికేట్ సెన్సారే అనుకుని లాగించేశా. అన్నవరం దాటాక కింద నుంచి టక్కు టక్కుమని మొదలైంది, తుని చేరకుండానే బండి పక్కకి పెట్టాల్సొచ్చింది. ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే చాంబర్ విప్పితే, పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే ఒక కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పట్టేసి దాని చోట్లోంచి తిరిగిపోయి ఉంది, ఆ రాడ్లు తిప్పే క్రాంక్ ఇరుసు మీద గోరు పెడితే గోరు దిగేంత గీతలు.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక స్లోలో పడిపోయి, రేస్ ఇస్తే లేచే ముల్లు చాలామటుకు నిజమే చెప్తుందండీ. బేరింగుల్లో గ్యాప్ పెరిగుంటది, లేదా ఆయిల్ పల్చబడి ఉంటది. పొద్దున ఆయిల్ చిక్కగా ఉంటది కాబట్టి ఆ గ్యాప్ బయటపడదు, వేడెక్కితే సందుల్లోంచి జారిపోద్ది, పైగా స్లోలో పంపు తోడేదే తక్కువ.

సెన్సార్ మీద అనుమానం ఉంటే చూడ్డానికి పది నిమిషాలు పట్టదు. ఇంజిన్ ఆపి కీ మాత్రం ఆన్ చేయండి, ముల్లు సున్నాలో ఉండాలి, అప్పుడే రెండో మూడో కేజీల ప్రెషర్ చూపిస్తే అది అబద్ధమే కదా. ఒంటి వైరు సెన్సార్ ఉన్న పాత బండి అయితే వైరు పీకితే ముల్లు ఒక చివరికి, బాడీకి ఎర్త్ చేస్తే ఇంకో చివరికి పోవాలి, ఏది పైకి ఏది కిందకి అనేది సెన్సార్ రకాన్ని బట్టి. అటూ ఇటూ పోతే మీటరు, వైరు బాగున్నట్టు, ఇక మిగిలింది సెన్సారు లేదా అసలు ప్రెషరు. మూడు వైర్ల సెన్సార్ ఉన్న బీఎస్ 6 (కొత్త పొగ రూల్స్) బళ్లల్లో మాత్రం ఈ ఎర్త్ పని చేయకండి, బండి కంప్యూటర్‌లోని ఫాల్ట్ కోడ్లు చదివే స్కానర్ పెట్టించండి. ఎస్‌పీఎన్ 100 అంటే ఆయిల్ ప్రెషర్ కోడ్, దాని పక్కన తేడా ఏ రకమో చెప్పే ఎఫ్ఎంఐ నంబరు 3 గానీ 4 గానీ ఉంటే వోల్టేజ్ తేడా, అంటే వైరింగో సెన్సారో చూడాలి. 1 ఉంటే ప్రెషరే పడిపోయిందని బండి చెప్తోంది, ఇంజిన్ ఆపేయండి.

ఆఖరి తీర్పు మాత్రం మెకానికల్ గేజిదే. సెన్సార్ విప్పి అదే కన్నంలో గేజి బిగించి, ఇంజిన్ బాగా వేడెక్కాక స్లోలో ఎంత, రేస్‌లో ఎంత అని చూసి మాన్యువల్‌తో పోల్చుకోవాలి. కమ్మిన్స్ సిక్స్ బీటీ 5.9 ఇంజిన్‌కైతే వేడి మీద స్లోలో 10 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు), ఫుల్ స్పీడ్‌లో 30 పీఎస్ఐ కంటే తగ్గకూడదు. చదరపు సెంటీమీటరుకి ఇన్ని కేజీలని చూపించే మీటర్‌లో అయితే సుమారు 0.7, 2.1 అనుకోండి.

గట్టి ఆయిల్ సలహా ఉంది చూశారూ, అసలు కొంప ముంచేది అదే. తోటలో నీళ్ల పైపు చివర బొటనవేలు అడ్డం పెడితే పైపులో ప్రెషర్ పెరుగుద్ది, బయటికొచ్చే నీళ్లు పెరుగుతాయా? 15డబ్ల్యూ-40 గ్రేడ్ ఆయిల్ తీసి అంతకంటే చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే ముల్లు లేస్తది నిజమే, అరిగిన బేరింగ్ అరిగినట్టే ఉంటది, దానికితోడు పొద్దున్నే చల్లటి ఇంజిన్‌లో ఆ చిక్కటి ఆయిల్ పైదాకా ఎక్కడానికి ఇంకా టైం తీసుకుంటది. బీఎస్ 6 బండికైతే కంపెనీ చెప్పిన, కాలితే బూడిద తక్కువ మిగిలే ఆయిల్ కాకుండా దొరికింది పోస్తే పొగ ఫిల్టర్ కూడా మూసుకుపోద్ది. ఇంకో సంగతి, ఇంజెక్టర్ కారి డీజిల్ ఆయిల్లో కలుస్తుంటే ఈ గట్టి ఆయిల్ దాన్ని కొన్నాళ్లు కప్పేస్తది. ఆయిల్ లెవెల్ చూసే పుల్ల, డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, రెండు వేళ్ల మధ్య రుద్దండి, డీజిల్ కంపు కొట్టి నీళ్లలా జారిందంటే, లెవెల్ తగ్గాల్సింది పోయి పెరిగిందంటే, ముందు ఇంజెక్టర్ల సంగతి చూసుకోండి. కాఫీలో పాలు కలిపిన రంగొస్తే ఆయిల్ కూలర్ నుంచో హెడ్ గ్యాస్కెట్ నుంచో నీళ్లు కలుస్తున్నట్టు.

లీటరు ఎక్కువ పోయడం అంటారా, క్రాంక్ ఆ ఆయిల్‌ని కవ్వంలా చిలికి నురగ చేస్తది, పంపు నురగ లాగితే ముల్లు వణుకుద్ది, బేరింగ్‌కి గాలి అందుద్ది. అంతకంటే దీని మీద చెప్పడానికేం లేదు.

ఎర్ర లైటు మాటకొస్తే, ఆ స్విచ్ మామూలుగా అర కేజీ దగ్గరకి ప్రెషర్ పడితే గానీ లైటు వెలిగించదు. ఘాట్‌లో లోడుతో ఎక్కుతూ మూడు కేజీలు ఉండాల్సిన చోట ఒక కేజీయే ఉన్నా లైటు నోరెత్తదు, మా బండిలో అన్నవరం దాకా వెలగనే లేదు. పైగా కీ ఆన్ చేయగానే అసలు వెలుగుతుందా అని ఎంతమంది చూస్తున్నారు? బల్బు మాడిపోయి ఏళ్లు గడిచిన బళ్లు నేను చూశా.

ముల్లు పైనే ఉంటే ఇంజిన్ కొత్తదంట. పొద్దున చల్లగా ఉన్నప్పుడు పైనుంటే మామూలే, అరగంట తిరిగాక కూడా అక్కడే అతుక్కుంటే ఎక్కువైన ప్రెషర్‌ని వదిలేసే రిలీఫ్ వాల్వ్ మూసుకుని బిగుసుకుందేమో, ఆయిల్ గ్రేడ్ తప్పేమో, వైరు తెగిందేమో చూడాలి. ఇంకా డౌట్ ఉంటే ఆయిల్ మార్చినప్పుడు పాత ఫిల్టర్ పారేయకుండా కోసి, కాగితం మడతలు పిండి ఎండలో పట్టి చూడండి. వెండి పొడి మెరిస్తే జాగ్రత్త పడాలి, రాగి రంగు తగిలిందంటే బేరింగ్ పైపొర దాటి లోపలి పొర దాకా అరిగి ఉండొచ్చు.

తుని దెబ్బ తర్వాత నా టూల్ బాక్సులో ఓ మెకానికల్ గేజి పడుంటది. పోయిన నెల సూర్యాపేట దగ్గర ముల్లు టక్కున సున్నాకి పడింది, గుండె జారినంత పనైంది, వెంటనే ఇంజిన్ ఆపి ఆయిల్ లెవెల్ చూసుకుని గేజి బిగిస్తే స్లోలోనే రెండు కేజీలు చూపించింది. సెన్సారే పోయింది ఈసారి. మార్చుకుని టీ తాగి బయల్దేరా.