మ్యాపుకు మన లారీ ఎత్తు తెలుసా?

మొన్న యశ్వంతపుర మార్కెట్ యార్డు బయట టీ తాగుతుంటే అనంతపురం నుంచి లోడుతో వచ్చిన ఒక కుర్రవాడు పలకరించాడు. సొంతంగా మొదటి లారీ కొనబోతున్నాడట. "అన్నా, దారి చూపే తెర కంపెనీ నుంచే వచ్చే బండి తీసుకోవాలా, బయట కొట్లో పెట్టించుకోవాలా, లేక అద్దానికి తగిలించుకునే చిన్న పరికరం చాలా?" అని అడిగాడు. టీ చల్లారిపోయేదాకా మాట్లాడాను, అయినా చెప్పాల్సింది మిగిలిపోయింది. అది ఇక్కడ రాస్తున్నాను. నేను బెంగళూరు వచ్చి పద్దెనిమిదేళ్లయింది. మొదట్లో నేనే లారీ నడిపాను. ఇప్పుడు పీణ్య దగ్గర మూడు బండ్లు పెట్టుకుని తిప్పుతున్నాను. ఈ మూడు రకాల మీదా డబ్బు పెట్టాను కాబట్టి చెప్పే హక్కు ఉందనుకుంటున్నాను.

ముందు ఒక రాత్రి గురించి చెప్పాలి. రెండేళ్ల క్రితం హోస్కోటె వైపు ఒక గోదాములో కంటెయినర్ ఎక్కించుకుని మా ట్రైలర్ బయలుదేరింది. తొమ్మిదిన్నర అడుగుల కంటెయినర్, అంటే 2.9 మీటర్లు. కింద ట్రైలర్ ఎత్తు కూడా కలిపితే నేల నుంచి 4.4 మీటర్ల దాకా వస్తుంది. డాష్‌బోర్డు మీది తెర పెద్ద రోడ్డు వదిలేసి పది నిమిషాలు కలిసొచ్చే దారి ఒకటి చూపించింది. మా డ్రైవర్‌కు ఆ ప్రాంతం కొత్త. తెర చెప్పినట్టే తిప్పాడు. ఊరి రోడ్డు, ఆ తరువాత ఇంకా సన్నటి రోడ్డు, చివరకు రైల్వే కింద వంతెన. దాని ముందు అడ్డంగా ఇనుప దూలం, పక్కన 3.5 మీటర్లు అని బోర్డు. సమయం రాత్రి ఒంటిగంట. వెనక తిప్పుకునే చోటు లేదు. క్లీనర్ టార్చిలైటు పట్టుకుని వెనక నడుస్తుంటే, దాదాపు కిలోమీటరు దూరం రివర్సులో వచ్చారు. మధ్యలో ఒకరి ప్రహరీగోడ మూల రాసుకుపోయింది. గోడ బాగుచేయించే డబ్బు మేమే ఇచ్చాం. లోడు నాలుగు గంటలు ఆలస్యంగా చేరింది.

తెల్లారాక లోడు ఇచ్చిన ట్రాన్స్‌పోర్టు ఆఫీసు గుమాస్తా ఫోను చేసి, "ఆ డబ్బు డ్రైవర్ బత్తాలో పట్టుకోండి, దారి చూసుకోవద్దా?" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ కలుక్కుమనిపిస్తుంది. దారి చూసుకోవడానికే కదా ఆ తెర పెట్టింది! దాన్ని నమ్మమని చెప్పింది నేను. నమ్మినందుకు అతని కూలి కోయడం ఏ న్యాయం? నేను కోయలేదు. కానీ కోసే యజమానులు చాలామంది ఉన్నారని నాకు తెలుసు, నేను డ్రైవర్‌గా ఉన్న రోజుల్లో నాకూ కోశారు.

ఆ రాత్రి తెర పాడైపోలేదు. బండి ఎక్కడ ఉందో సరిగ్గానే చూపించింది. ఇరవై వేల కిలోమీటర్ల పైన తిరిగే ఉపగ్రహాలు నాలుగు కనిపిస్తే చాలు, మన బండి ఏ రోడ్డు మీద ఉందో కొద్ది మీటర్ల తేడాతో తెలిసిపోతుంది. మన దేశానికి సొంతంగా నావిక్ అనే ఉపగ్రహాల ఏర్పాటు కూడా ఉంది. దాని మొదటి ఉపగ్రహం 2013 జులైలో మన శ్రీహరికోట నుంచే ఎగిరింది. చెన్నై నుంచి నెల్లూరు వెళ్లే ప్రతి లారీ సూళ్లూరుపేట మీదుగా ఆ దీవి పక్కగానే పోతుంది. బండి ఎక్కడుందో ఆకాశం చెబుతుంది. వంతెన ఎత్తు ఎంతో మాత్రం నేల మీద ఎవరో ఒకరు కొలిచి మ్యాపులో రాయాలి. రాయలేదు. బండి ఎత్తు ఎంతో డ్రైవర్‌ను అడగాలి. అడగలేదు. మనందరి ఫోన్లలో ఉండే గూగుల్ మ్యాప్స్‌నే చూడండి. కారు ఉంది, బస్సు ఉంది, నడక ఉంది, 2017 డిసెంబరు నుంచి మన దేశంలో ద్విచక్ర వాహనానికి విడిగా దారి కూడా ఉంది. లారీకి లేదు. లారీ డ్రైవర్ కారు దారినే చూసుకుని నడపాలి.

అమెరికాలో, ఐరోపాలో లారీల కోసమే తయారైన పరికరాలు ఉన్నాయి. గార్మిన్ వాళ్ల డీజిల్ వరుస అలాంటిదే. మొదటిసారి ఆన్ చేయగానే బండి ఎత్తు, బరువు, పొడవు అడుగుతుంది. ఆ కొలతలకు సరిపడని వంతెన ఉంటే ముందే పక్క దారి చూపిస్తుంది. అక్కడ కూడా డ్రైవర్లు పొరబడతారు. నార్త్ కరోలినా రాష్ట్రంలోని డర్హం పట్టణంలో 11 అడుగుల 8 అంగుళాల రైల్వే వంతెన ఒకటి లారీల పైకప్పులు చెక్కేయడంలో ప్రపంచ ప్రసిద్ధి పొందింది. 2019లో దాన్ని ఎనిమిది అంగుళాలు పైకి లేపినా లారీలు తగులుతూనే ఉన్నాయి. అయితే అక్కడ వంతెన కొలత లెక్కల్లో ఉంది, దాన్ని చదివే యంత్రమూ ఉంది. ఆ పరికరం తెప్పించుకుందామని ఒక మిత్రుడు ఉత్సాహపడ్డాడు. నేను వద్దన్నాను. పరికరంలో లారీ బుద్ధి ఎంత ఉన్నా, మన వంతెనల కొలతలు అందులో లేనప్పుడు అది మనకు మామూలు తెరే.

బెంగళూరులో ఉన్నవారికి దీనికంటే దగ్గరి ఉదాహరణ ఉంది. తుమకూరు రోడ్డు మీది పీణ్య ఫ్లైఓవర్. లోపలి ఉక్కు తీగలు దెబ్బతిన్నాయని 2021 డిసెంబరులో మొత్తంగా మూసేశారు. 2022 ఫిబ్రవరిలో కార్లకు, చిన్న వాహనాలకు మాత్రం తెరిచారు. భారీ వాహనాలు ఎక్కడానికి 2024 జులై ఆఖరు దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రెండేళ్ల పైన కాలం ఒక్కసారి తలచుకోండి. కారు మ్యాపు లెక్కలో ఆ వంతెన తెరిచే ఉంది, వాహనాలు వేగంగా పోతున్నాయి, అదే మంచి దారి. లారీకి మాత్రం కింద సర్వీసు రోడ్డే దిక్కు. నెలమంగల వైపు నుంచి కొత్తగా వచ్చిన డ్రైవర్ తెర మాట విని ఎడమ వరుస వదిలేస్తే, ర్యాంపు మొదట్లో పోలీసు ఆపుతాడు, వెనక వంద హారన్లు మోగుతాయి. తిట్లు తినేది ఎవరు? నగరంలో పగటివేళ భారీ వాహనాలకు ఉన్న నిషేధం సంగతీ అంతే. మంగళూరు వెళ్లే బండికి భారీ వాహనాలను రానివ్వని చార్మాడి ఘాట్ దారి చూపించడమూ అంతే.

ఇప్పుడు ఆ కుర్రవాడి ప్రశ్నకు వస్తాను.

కంపెనీ నుంచి వచ్చే తెరకు గుణాలు లేవని అనను. యాంటెనా సరైన చోట ఉంటుంది. వైరింగు కుదురుగా ఉంటుంది. బండి వేగం కూడా చదువుకునే రకమైతే, ఎలక్ట్రానిక్ సిటీ ఎత్తు రోడ్డు కింద ఉపగ్రహం కనిపించని చోట కూడా ఎంత దూరం కదిలిందో అంచనా వేసుకుంటుంది. ఫోను అక్కడ తికమకపడి, కింద ఉన్న బండిని పైన చూపిస్తుంది. కానీ లారీ పన్నెండేళ్లో పదిహేనేళ్లో నడుస్తుంది. తెరలోని మ్యాపు మొదటి మూడేళ్లకే ముసలిదవుతుంది. దాబస్‌పేట నుంచి దొడ్డబళ్లాపుర మీదుగా హోస్కోటె చేరే కొత్త శాటిలైట్ టౌన్ రింగ్ రోడ్డు మా బతుకులు మార్చేసింది, నగరంలో అడుగుపెట్టకుండానే చెన్నై రోడ్డు ఎక్కేస్తున్నాం. నా దగ్గరున్న కంపెనీ తెరలో ఆ రోడ్డు లేదు. తెర మీది బాణం పొలాల మధ్య పరిగెడుతున్నట్టు కనిపిస్తుంది. మ్యాపు మార్చమంటే బండి సర్వీసుకు తెచ్చి వదలమన్నారు. ఒక రోజు బండి ఆగితే ఎంత నష్టమో ఆ మాట అన్నవారికి తెలియదు.

ఇంకొక మాట, ఇది అందరూ గుర్తుంచుకోవాలి. షోరూములో "జీపీఎస్ ఉంది సార్" అంటే దారి చూపుతుందని అర్థం కాదు. టాటా ఫ్లీట్ ఎడ్జ్, అశోక్ లేలాండ్ ఐ-అలర్ట్ లాంటివి మంచి ఏర్పాట్లే. బండి ఎక్కడుంది, డీజిలు ఎంత తాగుతోంది, ఇంజనుకు ఏమైంది అని ఆఫీసులో కూర్చున్న యజమానికి చెబుతాయి. ఏఐఎస్ 140 అనే ప్రమాణంతో వచ్చే పరికరాలూ బండి ఉన్న చోటునే పంపుతాయి. క్యాబిన్‌లో కూర్చున్న మనిషికి ఎడమకు తిరగాలా, కుడికి తిరగాలా అన్నది అవేవీ చెప్పవు. యజమాని డ్రైవర్‌ను చూడటానికి వేలు ఖర్చు పెడతాడు, డ్రైవర్ దారి చూడటానికి మాత్రం సొంత ఫోను వాడుకోవాలి. ఇది నాకు అసలు మింగుడుపడదు.

బయట కొట్లలో బిగించే తెర గురించి నా మాట ఒక్కటే: వోల్టేజి తెలియని చేతికి లారీ ఇవ్వకండి. కార్లకు 12 వోల్టులు. పెద్ద లారీలకు 24 వోల్టులు, అంటే 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపి ఉంటాయి. కారు కోసం చేసిన తెరను లారీలో పెట్టాలంటే మధ్యలో వోల్టేజి తగ్గించే కన్వర్టర్ ఉండాలి. జె.సి. రోడ్డులో ఒక కొట్టతను ఆ ఖర్చు మిగల్చడానికి రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచే వైరు లాగేశాడు. తెర వెలిగింది, పాట మోగింది, నేను సంతోషంగా డబ్బిచ్చాను. ఆ ఒక్క బ్యాటరీ రోజూ ఎక్కువ ఖాళీ అయిపోతుంది. డైనమో మాత్రం రెండింటినీ కలిపి ఒకే లెక్కన నింపుతుంది. కాబట్టి ఒకటి ఎప్పుడూ ఆకలితో, రెండోది ఎప్పుడూ అజీర్తితో ఉంటాయి. నాలుగు నెలల్లో రెండూ పోయాయి. బండి కర్నూలు దాటాక ఒక డాబా ముందు స్టార్టు కాకుండా నిలబడిపోయింది. కంపెనీ వైరు కోసి అతికించారని వారంటీ కూడా ఇవ్వలేదు. ఫ్యూజు లేకుండా లాగిన వైరు వేసవిలో క్యాబిన్‌ను అంటించగలదు, ఆ క్యాబిన్ వెనక అరలోనే క్లీనర్ నిద్రపోతుంటాడు. తెర కొనడం తప్పనిసరి అనుకుంటే 24 వోల్టులకే తయారైనది కొనండి, ఫ్యూజు ఎక్కడ పెట్టారో వేలు పెట్టి చూపించమనండి.

నా ఓటు ఫోనుకే. అద్దానికి తగిలించే విడి పరికరం చాలామందికి అక్కర్లేదు. ఆ పని చేసే ఫోను అందరి దగ్గరా ఉంది, మ్యాపు తనంతట తానే కొత్తదవుతూ ఉంటుంది, తెలుగులో మాట్లాడుతుంది. ఈ చివరి మాట చిన్నది కాదు. మా కంపెనీ తెర మాట్లాడే భాష మా డ్రైవర్‌కు సగమే అర్థమయ్యేది. "ఎడమ వైపు తిరగండి" అని తెలుగులో వినపడితే తల తిప్పి తెర చూడాల్సిన పని లేదు. కన్ను రోడ్డు మీదే ఉంటుంది.

అయితే ఫోను డ్రైవర్ సొంతది కాకూడదు. దానికి ఇంటి నుంచి కాల్స్ వస్తాయి, బ్యాటరీ అరిగిపోతుంది, డేటా అతని జేబులోంచి పోతుంది. బండికంటూ ఒక ఫోను యజమాని కొనివ్వాలి. 24 వోల్టులను తట్టుకునే చార్జర్ కొనాలి, 12 వోల్టులకే చేసిన కారు చార్జర్ గుచ్చితే కాలిపోవచ్చు. స్టాండు గట్టిది, స్క్రూలతో బిగించేది కావాలి. లారీ అద్దం నిటారుగా ఉంటుంది, ఎండ నేరుగా కొడుతుంది, అద్దానికి అంటుకునే రబ్బరు మధ్యాహ్నానికి ఊడి ఫోను కాళ్ల దగ్గర పడుతుంది. బ్రేకు పెడల్ కింద ఫోను పడితే ఏమవుతుందో ఊహించండి. ఎండకు ఫోను వేడెక్కి తనంతట తానే ఆగిపోవడం కూడా మామూలే. అందుకే ఏసీ గాలి తగిలే చోట పెట్టాలి. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యరకం, భారీ లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి చేశారు కాబట్టి కొత్త బండి కొనేవారికి ఆ సదుపాయం ఉంటుంది. చేత్తో పట్టుకుని మాత్రం చూడవద్దు. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ డ్రైవింగు మీద ధ్యాస చెదరకుండానే, ఫోను వాడనిస్తుంది.

నల్లమల లాంటి చోట నెట్‌వర్కు ఉండదు. బయలుదేరే ముందే ఆ ప్రాంతం మ్యాపు ఫోనులోకి దించుకోవాలి. సిగ్నల్ పోయినా ఉపగ్రహం పోదు, బాణం కదులుతూనే ఉంటుంది. ట్రాఫిక్ సమాచారం మాత్రం రాదు.

ఇంత చేసినా ఆ ఫోనుకు మన ఎత్తు తెలియదు, ముందున్న వంతెన సంగతీ ఒక్కోసారి తెలియదు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో, రామగంగ నది మీద ముందుకు దారి లేని వంతెన పైనుంచి కారు పడి ముగ్గురు చనిపోయారు. వాళ్లూ తెర చూపిన దారినే వెళ్లారు. రోడ్డు వేసే శాఖలు, రైల్వే ప్రతి కింద వంతెన దగ్గరా ఎత్తు బోర్డు పెడుతున్నాయి. కొలత వాళ్ల దగ్గర ఉన్నట్టే కదా? ఆ కొలతలన్నీ ఒకచోట చేర్చి మ్యాపులు తయారుచేసే వారందరికీ ఇవ్వడానికి అడ్డు ఏమిటి? లారీ సంఘాలు డీజిలు ధర మీద, టోలు మీద సమ్మెలు చేశాయి, చేయాలి కూడా. ఈ కొలతల కోసం ఒక్క వినతిపత్రమైనా ఇవ్వాలని నేను మా సంఘంలో రెండుసార్లు అడిగాను. మూడోసారీ అడుగుతాను.

అప్పటిదాకా మా మూడు బండ్లలో మూడు నోటుపుస్తకాలు ఉన్నాయి. అద్దం పైన లోపలి వైపు బండి ఎత్తు అడుగుల్లో, మీటర్లలో పెద్ద అక్షరాలతో రాయించాను. ఎక్కడ తక్కువ వంతెన తగిలినా డ్రైవర్ ఊరి పేరు, బోర్డు మీది ఎత్తు, వెనక్కి తిప్పుకునే చోటు ఎంత దూరంలో ఉందో రాస్తాడు. తిరిగి వచ్చాక మిగతా రెండింట్లోకి ఎక్కిస్తాం. ఒక్కో కొత్త చోటుకు డ్రైవర్‌కు యాభై రూపాయలు ఇస్తున్నాను. నిన్నటికి నలభై ఒక్క చోట్లు అయ్యాయి. యశ్వంతపురలో కలిసిన ఆ కుర్రవాడు ఫోనులో పేజీ పేజీకీ ఫొటో తీసుకుని వెళ్లాడు. పీణ్య, నెలమంగల, హోస్కోటె వైపు తిరిగే మన తెలుగు డ్రైవర్లు మీకు తెలిసినవి చెప్పండి, వాటినీ ఎక్కిస్తాను.