డబ్బా ఖాళీగా తిరిగి ఇవ్వరాదు

ప్రపంచ వాణిజ్య సంస్థ 2001లో దోహాలో మొదలుపెట్టిన చర్చలు ఇప్పటికీ తెమల్లేదు. మా అయిదిళ్ల తినుబండారాల మార్పిడి ఒప్పందం మాత్రం పద్దెనిమిది రోజుల్లో తేలిపోయింది. పద్దెనిమిది రోజులనగానే మీకు కురుక్షేత్రం గుర్తుకొస్తే అందులో నా పూచీ ఏమీ లేదు.

సభ్యులం అయిదుగురం. మెల్‌బోర్న్ నుంచి నేను. డాలస్ నుంచి వదిన (అన్నయ్య కూడా అక్కడే ఉంటాడు గానీ ఆయనకు ఓటు లేదు). దుబాయ్ నుంచి బావ, సింగపూర్ నుంచి తోడల్లుడు, బర్మింగ్‌హామ్ నుంచి మా చిన్నాన్న కొడుకు. మూడు నెలలకోసారి చీట్లు తీస్తాం. ఎవరి పేరు ఎవరికొస్తే వాళ్లకి ఒక పార్సెల్ పంపాలి. ఇంతే ఒప్పందం. దీనికి పద్దెనిమిది రోజులెందుకని అడిగేవాళ్లు ఉమ్మడి కుటుంబంలో పుట్టి ఉండరు.

మొదటి సమావేశం శనివారం పెట్టుకున్నాం. డాలస్‌లో పొద్దున్న ఏడు, బర్మింగ్‌హామ్‌లో మధ్యాహ్నం ఒంటిగంట, దుబాయ్‌లో సాయంత్రం నాలుగు, సింగపూర్‌లో రాత్రి ఎనిమిది, మా దగ్గర పది. "తొమ్మిదికి రాహుకాలం వచ్చేస్తుంది, ఈలోపు తేల్చండి" అంది వదిన. ఎవరి తొమ్మిదికి అని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

ఇండియన్ స్టోర్‌లో అన్నీ దొరుకుతుంటే ఈ తతంగమంతా ఎందుకని కొందరు అజ్ఞానులు అడుగుతున్నారు. వాళ్లకి శాస్త్రం తెలియదు. పక్కింటావిడ గిన్నెలో కూరేసి పంపిస్తే, ఆ గిన్నె కడిగి బోర్లించి ఊరుకోవడం మన ఇళ్లలో లేదు. అందులో ఏదో ఒకటి వేసి పంపాలి. ఆవిడ మళ్లీ ఇంకేదో వేసి పంపుతుంది. ఈ లెక్క ఎప్పటికీ తేలదు, తేలకూడదు కూడా. "ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం" అని నోములో చెప్పుకున్నదాన్ని మేం ఖండాంతరాలకు విస్తరించాం. బెర్న్‌లో ఉన్న అంతర్జాతీయ తపాలా సంఘం 1874లో పుట్టింది. మన పేరంటాలు దానికన్నా పాతవి, పైగా వాటిలో డెలివరీ ఏనాడూ ఆలస్యమైంది లేదు.

మొదట్లో మా ఆశయాలు ఉన్నతంగానే ఉండేవి. ఎవరికి ఏది బాగా పండుతుందో అది పంపుకోవడమే అందరికీ లాభమని రికార్డో అనే ఇంగ్లండు ఆర్థికవేత్త 1817లోనే చెప్పాడు. ఆయన మాట పట్టుకుని, ఏ ఊళ్లో ఉన్నవాళ్లు ఆ ఊరి సరుకే పంపాలని తీర్మానించాం. టెక్సాస్ రాష్ట్ర వృక్షం పెకాన్ కాబట్టి వదిన పెకాన్ పప్పు, మా దేశపు చెట్టు మకడామియా కాబట్టి నేను ఆ పప్పు, బావ ఖర్జూరాలు. బర్మింగ్‌హామ్ తమ్ముడు టీపొడి పంపాడు. అట్ట మీద ఇంగ్లండు జెండా ఉంది, వెనక చిన్నక్షరాల్లో అస్సాం అని ఉంది. ఒక్క విడతకే రికార్డో చతికిలబడ్డాడు. "ఈ మకడామియాతో నేనేం చేసుకోను, పచ్చడి పెట్టుకోనా?" అని వదిన వీడియో కాల్‌లో అడిగింది. తర్వాత నిజంగానే వేయించి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి పొడి కొట్టింది. బావుందట. రెండో విడత నుంచి అందరూ అందరికీ పొడులూ జంతికలే పంపుకుంటున్నారు.

ఇక రవాణా శాఖ. కొరియర్ వాళ్లకి రెండు రకాల బరువులుంటాయని ఈ వయసులో తెలుసుకున్నాను. ఒకటి కాటా మీద తూగేది. రెండోది పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేది. రెంటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు కట్టించుకుంటారు. ఈ లెక్క కనిపెట్టినవాడికి మన పూతరేకుల మీద పాతకక్ష ఏదో ఉండి ఉండాలి. తోడల్లుడు సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు ఆత్రేయపురం వెళ్లి, 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అసలుసిసలు పూతరేకులు సింగపూర్ తెచ్చుకుని, అందులో ఇరవై దుబాయ్‌కి పంపాడు. తూస్తే కిలో లేవు. నలగకుండా చుట్టూ దూది, బుడగల కవరు పెట్టేసరికి పెట్టె 40, 30, 20 సెంటీమీటర్లైంది. లెక్క కడితే 4.8 కిలోలు. అంటే తోడల్లుడు దాదాపు నాలుగు కిలోల సింగపూర్ గాలిని దుబాయ్‌కి ఎగుమతి చేశాడన్నమాట. పెట్టె చేరింది. బావ ఫోన్ చేసి, "పొడి చాలా బావుంది, పాలల్లో వేసుకు తిన్నాం. దీన్నేమంటారు?" అని అడిగాడు. తోడల్లుడు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

అయితే ఒప్పందాన్ని కూల్చేంత సంక్షోభం గసగసాల వల్ల వచ్చింది. అప్పుడు మా అమ్మ తెనాలి నుంచి మా దగ్గరికి వచ్చి ఉంది. దుబాయ్ అల్లుడికి తన చేత్తో మసాలా పొడి కొట్టి పంపాలని ముచ్చటపడింది. గసగసాలు నల్లమందు మొక్క గింజలు గనుక ఎమిరేట్స్‌లో నిషిద్ధం. మన కోడికూరలో చిక్కదనం కోసం వేసేది అక్కడ మాదకద్రవ్యాల లెక్కలో పడుతుంది. అత్యవసర సమావేశం పిలిచాం. "అత్తయ్యగారి చేతివంటంటే నాకు ప్రాణమే. కాకపోతే ఆ ప్రాణం జైల్లో ఉండటం నాకిష్టం లేదు" అన్నాడు బావ. పొడిలో గసాలు ఉన్నాయా లేవా అని తేల్చే బాధ్యత నా మీద పెట్టారు. వంటింట్లోకి వెళ్లి అడిగాను.

"గసాలు లేకుండా మసాలా ఏవిట్రా, నీ మొహం!" అంది అమ్మ, మిక్సీ ఆపకుండా.

చివరికి గసాల బదులు జీడిపప్పు వేసి వేరే పొడి కొట్టించాం. సీసా మీద "అల్లుడుగారి మసాలా, గసాలు లేవు" అని రాయించబోయింది అమ్మ. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంటుందని, ఆ రెండో ముక్క కొట్టేయించడానికి ఇంకో పూట పట్టింది.

కస్టమ్స్ కాగితాలు నింపడం వేరే విద్య. లోకంలోని సరుకులన్నిటికీ ఆరంకెల సంఖ్యలున్నాయి, ఐదు వేల పైచిలుకు. ఆవకాయ ఏ పద్దులోకొస్తుందని వెతికితే అందరూ 2001తో మొదలయ్యే పద్దు చూపిస్తారు. ఆ పద్దులో ఏం రాసి ఉందో తెలుసా? వెనిగర్ లేదా ఎసిటిక్ ఆమ్లంలో నిలవ చేసిన కూరగాయలు, పండ్లు! కారం, ఆవపిండి, ఉప్పు, పప్పునూనె తప్ప ఇంకేమీ తెలియని మామిడికాయ ముక్కని వెనిగర్ జాతిలో కలిపేశారు. తెలుగువాళ్ల రెండు ప్రభుత్వాలూ నీళ్ల పంచాయితీ కాసేపు పక్కనబెట్టి దీనిమీద ఉమ్మడిగా వినతిపత్రం ఇవ్వాలని నా డిమాండ్.

అమెరికావాళ్లు ఒక్క విషయంలో మాత్రం మర్యాద చూపించారు. వాళ్ల దేశంలోకి తిండి పంపాలంటే ముందుగా నోటీసు ఇవ్వాలి. అది 2002లో వచ్చిన జీవ ఉగ్రవాద చట్టం మహిమ. కానీ ఇంట్లో వండి, వండిన మనిషే సొంతంగా కానుకగా పంపేదానికి ఆ నోటీసు అక్కర్లేదు. అంటే దుకాణంలో కొన్న కారప్పొడి మీద వాళ్లకి అనుమానం, అమ్మ దంచిన కారప్పొడి మీద నమ్మకం. ఆ కారం వాళ్లెవరూ తిని ఉండరు. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ బర్మింగ్‌హామ్ తమ్ముడు దుకాణం సీసాల మీద చీటీలు వేడినీళ్లలో నానబెట్టి పీకేస్తున్నాడు. కొత్తగా పెళ్లయినవాడు, వాడి భార్య చేతివంటగా అవి చెలామణి అవుతున్నాయి. నేను కన్వీనర్ని, చూసీ చూడనట్టున్నాను.

ఇప్పుడు నా సొంత గొడవ. రెండో విడతలో వదిన నాకు జంతికలు పంపింది. ప్లాస్టిక్ డబ్బాలో కాదు, స్టీలు డబ్బాలో. మూత మీద వాళ్ల అమ్మగారి పేరు, ఇంటిపేరులో మొదటి అక్షరంతో సహా చెక్కించి ఉంది. పార్సెల్ అందిన రోజు ఫోన్ చేసి "జంతికలు ఎలా ఉన్నాయి?" అని అడగలేదు. "డబ్బా జాగ్రత్త" అంది. తర్వాత మూడు సమావేశాల్లోనూ డబ్బా ప్రస్తావన వచ్చింది. నాలుగోసారి ఎజెండాలో మొదటి అంశమే అదైంది. ఉక్కు మీద 2025లో 50 శాతం సుంకం వేసుకున్న దేశానికి స్టీలు డబ్బా పంపడం రాజకీయంగా తెలివైన పనేనా అని వాదించి చూశాను. "మా అమ్మ డబ్బా" అంది వదిన. ఇంక వాదనేముంది?

శనివారం పొద్దున్న డబ్బా తోమి, తుడిచి, పెట్టెలో పెడుతుంటే అమ్మ చూసింది. "ఖాళీ డబ్బా ఇస్తార్రా ఎవరైనా? కాస్త పంచదారైనా వెయ్యి." చెంచాడు పంచదార పొట్లం కట్టి అందులో పెట్టింది. డబ్బా తెనాలిలో కొంటే మూడొందలుంటుంది. పంపడానికి తొంభై రెండు డాలర్లు.

పోస్టాఫీసు కౌంటర్లో అమ్మాయి ఫారం ఇచ్చింది. లోపల ఏముందో రాయాలి: వాడిన స్టీలు డబ్బా ఒకటి, పంచదార ఒక చెంచా. రాశాను. ఆ అమ్మాయి చదివి, నా మొహం చూసి, మళ్లీ చదివింది. కింద గడులున్నాయి: కానుక, పత్రాలు, అమ్మకపు సరుకు, నమూనా, తిరిగి పంపుతున్న సరుకు, ఇతరాలు. ఒక్కదానికే టిక్కు పెట్టాలంది. డబ్బా చూస్తే తిరిగి పంపుతున్న సరుకు. పంచదార చూస్తే కానుక. వెనక క్యూలో ఏడుగురున్నారు. డాలస్‌లో అప్పటికి శుక్రవారం సాయంత్రం ఏడు, ఫోన్ ఎత్తుతుందిలే అని వదినకే చేశాను.

అంతా విని, "అదలా ఉంచు, ముందు మూత పెట్టావో లేదో చూడు" అంది.