రెగ్యులరా, బాటిలా?

ఇప్పుడే ఇంటికొచ్చాను. చీర కూడా మార్చుకోలేదు. ఇది రాసేస్తే గానీ నాకు నిద్ర పట్టదు.

హోటల్లో ఇంకా సరిగ్గా కూర్చోనైనా లేదు, ఆ అబ్బాయి వచ్చి "రెగ్యులర్ వాటరా మేడమ్, బాటిలా?" అన్నాడు. ఆ 'రెగ్యులర్' అనే మాటను వాళ్లు ఎలా పలుకుతారో మీకు తెలుసుగా. చచ్చిన బల్లిని తోక పట్టి ఎత్తినట్టు. "మామూలు నీళ్లే ఇవ్వు నాయనా" అన్నాను. అంతే, డల్లాస్ నుంచి వచ్చిన మా ఆడబిడ్డ నా చెయ్యి పట్టేసుకుంది. "అయ్యో వదినా, పిల్లలున్నారు!" అట. పిల్లలంటే పెద్దోడికి ఇరవై రెండేళ్లు. గడ్డం ఉంది.

ఆరుగురికి ఎనిమిది సీసాలు వచ్చాయి. సీసా మీద హోటల్ పేరే, ఒక్కోటి 90 రూపాయలు. మొత్తం 720. బిల్లు ఎవరు కట్టారో చెప్పాలా? ఎమ్మార్పీ అని అడగడానికి కూడా లేదు, హోటల్లో కూర్చుని తాగే సీసాకు ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని 2017లో సుప్రీంకోర్టే చెప్పేసింది. ఇదే హైదరాబాద్‌లో 2021 నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్ల దాకా నల్లా నీళ్లు ఉచితం. అవి ఎవరికీ ఆనవు.

సరే, బిర్యానీ ఏ నీళ్లతో ఉడికింది? పొయ్యి మీద ఉడికింది కదా అంటారు. మరి రైతా? ఆ కీరా ముక్కల్ని ఏ సీసా నీళ్లతో కడిగారట?

ఇంకోటి, దాన్ని అందరూ మినరల్ వాటర్ అంటారు. ఒకసారి సీసా తిప్పి చదవండి, 'ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్' అని ఉంటుంది. అసలు మినరల్ వాటర్‌కు ఐఎస్ నంబరే, అంటే భారత ప్రమాణం నంబరే వేరు, 13428. మనం కొనేవాటి మీద ఎక్కువగా 14543 ఉంటుంది. ఆర్‌ఓ మిషన్‌లో పోసి నీళ్లలోని ఖనిజాల్ని చాలావరకు ఊడ్చేసి దానికి మినరల్ అని పేరు! గుండు కొట్టించి జడల రామయ్యా అని పిలిచినట్టుంది. ఇక గల్లీల్లో తిరిగే ఇరవై లీటర్ల క్యాన్ల సంగతి అడక్కండి. ఎప్పుడైనా అడుగున టార్చ్ కొట్టి చూశారా? నేను చూశాను. పచ్చగా పాకుడు.

నీళ్ల భయం అంటే ఏంటో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. మాది మునుగోడు వైపు. ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి మా చిన్నప్పుడు పిల్లల పళ్లన్నీ గోధుమ చారలు. మా మేనమామ నలభై ఏళ్లకే వంగిపోయాడు, మనిషి మొహం చూడాలంటే మెడ పక్కకు తిప్పి చూసేవాడు. ఆ ఊళ్లకు ఊపిరి పోసింది ఎవరి సీసా? కృష్ణ నీళ్లు పైపుల్లో వస్తేనే కదా! హైదరాబాద్‌కు కూడా నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా అవే వస్తున్నాయి. వాటిని మా ఆడబిడ్డ మొక్కలకు పోయమంటుంది.

మా నల్లాలో అమృతం పారుతోందని నేను అనట్లేదు. అప్పుడప్పుడు మురికి వస్తుంది, వాసన వస్తుంది. ఆ రోజు కాచి తాగుతాం, ఫోన్ చేసి తిడతాం. మా అపార్ట్‌మెంట్‌లో ఇరవై ఫ్లాట్లుంటే ఫోన్ చేసేది ఇద్దరం, నేనూ, వాచ్‌మన్ భార్యా. మిగతావాళ్లకు మురికి వచ్చిన సంగతే తెలియదు. క్యాన్ మహారాజులు కదా! వాళ్లు కూడా గ్లాసు పట్టుకుని నల్లా కింద నిలబడి ఉంటే ఆ పైపు ఎప్పుడో మారేది.

పైగా డల్లాస్‌లో వీళ్లు తాగేది నల్లా నీళ్లే. నేను వెళ్లినప్పుడు చూశాను, సింకు దగ్గర గ్లాసు పెట్టి గటగటా తాగేస్తారు. ఆ దేశంలోనే ఆక్వాఫినా సీసా మీద 'పబ్లిక్ వాటర్ సోర్స్' అని వేస్తామని 2007లో కంపెనీ ఒప్పుకోవాల్సి వచ్చింది. అంటే ఏంటి? మునిసిపాలిటీ నీళ్లు. ఇక్కడికొస్తే మాత్రం పళ్లు తోముకోవడానికి కూడా బిస్లరీ. కడుపు పడదు అంటే సరే, ఒప్పుకుంటాను. పడకపోవచ్చు.

కానీ 2019లో మా గృహప్రవేశం నాడు ఏం చేసిందో అడగండి. నేను తెల్లవారుజామున నాలుగింటికి లేచి, అల్లం దంచి, కరివేపాకు నలిపి, రెండు బిందెల మజ్జిగ చేశాను. కాచి చల్లార్చిన నీళ్లతోనే! గ్లాసు తీసుకుని నవ్వి, నేను అటు తిరగ్గానే తులసి కోట వెనక పెట్టేసింది. సాయంత్రం చీమలు పట్టాక చూశాను. అదే సాయంత్రం బజారులో చెరకు రసం రెండు గ్లాసులు తాగింది, ఐసు వేసి! గోనెసంచిలో చుట్టి, పొట్టు అంటుకున్న ఐసు గడ్డ నుంచి కొట్టి వేశాడు ఆ బండివాడు. సెల్ఫీ కూడా దిగింది. ఆ ఫొటో ఇంకా నా ఫోన్లో ఉంది.

రేపు మధ్యాహ్నం వాళ్లందరికీ మా ఇంట్లో భోజనం. పప్పుచారు ఏ నీళ్లతో పెట్టమంటుందో మీ చెల్లెల్నే అడగండి అని మా ఆయనతో చెప్పాను. ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లి అరగంటైంది, ఇంకా లోపలికి రాలేదు.