ఆసియా స్టడీస్ ప్రోగ్రామ్ వారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ ఆసియా భాషా సంస్కృతుల అధ్యయన ప్రోగ్రామ్ వారికి,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాయాలనే ఉంది గానీ, తమరి మెయిల్ అందాక నా వైపు కుశలం కాస్త తగ్గింది. తగినంత మంది చేరనందువల్ల ఇండోనేషియన్ రెండో సంవత్సరం క్లాసు రద్దయిందట. నా సహనానికి ధన్యవాదాలట. ధన్యవాదాలు ముందే చెల్లించేశారు కాబట్టి ఇక ఆ సహనం నా దగ్గర అట్టే పెట్టుకోవాల్సిన పని లేదనుకుంటాను.

డిగ్రీ చేతికి రావాలంటే ఒకే ఆసియా భాషను రెండేళ్లు చదివి తీరాలన్నది తమరి రూలే. క్లాసు లేదన్నదీ తమరే. ఈ ముడి ఎవరు విప్పుతారో కనుక్కుందామని మధ్యాహ్నమంతా తిరిగాను. భాషల విభాగం వారు కుర్చీ చూపించి మరీ మర్యాదగా చెప్పారు: క్లాసు మాది, డిగ్రీ మాది కాదు, ప్రోగ్రామ్ వాళ్లని అడగండి. ప్రోగ్రామ్ ఆఫీసులో డిగ్రీ మాదే గానీ డబ్బు మాది కాదన్నారు. డబ్బు ఉన్న డీన్ ఆఫీసులో, మినహాయింపు ఇవ్వగలం, కాకపోతే విభాగమే అడగాలన్నారు. మళ్లీ విభాగానికి వెళ్తే తలుపుకు తాళం. తిలాపాపం తలా పిడికెడు అని ఊరికే అనలేదు పెద్దలు.

తప్పు మనుషులది కాదని నాకూ తెలుసు. తమరికి సొంత పంతుళ్లు లేరు. చరిత్ర వాళ్లు ఒకర్ని, మతాల అధ్యయనం వాళ్లు ఒకర్ని, పొలిటికల్ సైన్స్ వాళ్లు సగం మనిషిని అప్పిస్తే నడుస్తున్న సంసారం తమరిది. ఇచ్చినవాళ్లు ఏ సెమిస్టర్‌లోనైనా వెనక్కి పిలుచుకోవచ్చు. చైనా విప్లవం, బౌద్ధ కళ ఒకే రోజు ఒకే గంటకు పడ్డాయంటే, ఆ రెండు విభాగాలూ మాట్లాడుకోలేదని అర్థం. ఇవన్నీ ఓర్చుకున్నాను. నాలుగు విభాగాల కళ్లతో ఒక ప్రాంతాన్ని చూడటం బాగుంటుందనే కదా ఇక్కడ చేరింది.

కానీ ఈ భాష సంగతి మాత్రం మింగుడుపడటం లేదు.

తమరి బ్రోషర్ ఒకసారి తీసి చూసుకోండి. కవర్ మీద ఏముంది? బోరోబుదూర్. ఇండోనేషియాలోని జావా దీవిలో తొమ్మిదో శతాబ్దపు బౌద్ధ కట్టడం. దాని పై అంతస్తుల్లోని 72 జాలీ స్తూపాల్లో ఓ నాలుగు, వెనక పొగమంచు, ఆ మంచులోంచి తమరి పేరు బంగారు రంగు అక్షరాల్లో. లోపల రెండో పేజీలో భాషల జాబితా, దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘నమోదును బట్టి’. అరచేతిలో వైకుంఠం చూపించడమంటే ఇదే. బోరోబుదూర్ బొమ్మ కావాలి, ఆ దేశం వాళ్లు మాట్లాడే మాట వద్దు. దాదాపు 28 కోట్ల మంది ఉన్న దేశం, జనాభాలో ప్రపంచంలోనే నాలుగోది. అంతమందిలో ఒక్కరితోనైనా వాళ్ల భాషలో మాట్లాడాలన్న కోరిక తమరి లెక్కల్లో నష్టాల ఖాతా కింద పడింది.

క్లాసు ఎక్కడ ఆగిందో తమరికి తెలియదు కాబట్టి మనవి చేసుకుంటాను. ఇండోనేషియన్‌లో క్రియకు ముందు ఒక ఉపసర్గ చేరుతుంది. బాచా, అంటే చదవడం, మెంబాచా అవుతుంది. తులిస్, అంటే రాయడం, మెనులిస్ అవుతుంది. మొదటి ‘త’ కాస్తా ఎగిరిపోతుంది. పకై, అంటే వాడటం, మెమకై అవుతుంది. ఈసారి ‘ప’ మాయం. నిఘంటువులో మాటలు ధాతువుల కింద ఉంటాయి. మెనులిస్ అర్థం కావాలంటే, ఎగిరిపోయిన ‘త’ను ఊహించి పట్టుకుని తులిస్ దగ్గర వెతకాలి. ఏడాదంతా కూర్చుని, ఏ అక్షరం పోతుందో ఏది ఉంటుందో ఇప్పుడిప్పుడే వేళ్లకు పడుతోంది. క్రియ చివర చేరే ‘కన్’, ‘ఇ’ల వంతు రెండో ఏడాది. అవి రాకుండా పేపర్లో ఒక పేరా కూడా నమ్మకంగా చదవలేం. అంటే తమరి పుణ్యమా అని నాకిప్పుడు నిఘంటువు తిరగేయడం వచ్చు, చదవడం రాదు.

దీనికి తమరు చూపించిన దారులు రెండు. మొదటిది, జపనీస్‌కు మారడం, ‘అక్కడ క్లాసులు ఎప్పుడూ ఉంటాయి’ కనుక. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పడంలో ఆరితేరింది. ఇంగ్లీషు వాళ్లకు ఇండోనేషియన్ పట్టుబడటానికి సుమారు 900 క్లాసు గంటలు, జపనీస్‌కు 2200 గంటలు అని చాలాకాలంగా దాని లెక్క. తమరి దగ్గర వారానికి ఐదు గంటల చొప్పున రెండేళ్లు చదివినా 300 గంటలు. జపనీస్ ఒడ్డు కనపడకుండానే నేను డిగ్రీ పట్టుకుని బయటపడతాను. జపనీస్ మీద నాకు కోపం లేదు, సగం ప్రయాణంలో దింపేసి ఇంకో రైలెక్కమన్న తమరి మీదే కోపం.

రెండో దారి ఇంకా గొప్పది. భాష బదులు ‘ఆసియా, గ్లోబలైజేషన్’ అనే కోర్సు చేస్తే సర్దుబాటు చేస్తారట. ఆ కోర్సు ఇంగ్లీషులో. చదివేవి ఇంగ్లీషు పుస్తకాలు. పరీక్ష ఇంగ్లీషులో. ఆసియా భాష చదవాలన్న నియమం ఇంగ్లీషులో నెరవేరుతుందన్న మాట! ఇది కనిపెట్టిన వారికి సన్మానం ఏదైనా పెట్టుకుంటే చెప్పండి, దండ నేను తెస్తాను.

అసలు తమరు ఎలా పుట్టారో గుర్తుచేయమంటారా? 1957 అక్టోబర్‌లో రష్యా వాళ్లు స్పుత్నిక్ అనే తొలి కృత్రిమ ఉపగ్రహాన్ని పైకి పంపారు. అమెరికాకు టెన్షన్ పట్టుకుంది. మరుసటి ఏడాదే జాతీయ రక్షణ విద్యా చట్టం చేసి, లెక్కలు, సైన్సుతో పాటు అంతకుముందు పెద్దగా ఎవరూ పట్టించుకోని విదేశీ భాషలకూ డబ్బు పోశారు. యూనివర్సిటీల్లో భాషా కేంద్రాలు లేచాయి. చట్టం పేరులోనే ‘రక్షణ’ ఉంది చూడండి. భాష నేర్పింది ప్రేమతో కాదు, భయంతో. భయం పోయింది, దాంతో పాటు డబ్బూ పలచబడింది. ఇండోనేషియా ఎవరినీ భయపెట్టడం లేదు, అదే దాని నేరం.

భయం లేకపోతే ఫ్యాషనైనా ఉండాలి. 2016కీ 2021కీ మధ్య అమెరికా కాలేజీల్లో ఇంగ్లీషేతర భాషల క్లాసుల్లో చేరేవాళ్లు 16.6 శాతం తగ్గితే, కొరియన్‌లో మాత్రం 38 శాతం పెరిగారు. పాటలు, సీరియళ్ల చలవ. కొరియన్ పిల్లలకు నా ఆశీస్సులు, నిజంగానే. కాకపోతే రేపు ఆ పాటల మోజు తీరిన రోజున వాళ్లకూ ఇదే మెయిల్ వస్తుంది, సహనానికి ధన్యవాదాలతో సహా.

తమరి మ్యాప్ సంగతి కూడా చెప్పి వదిలేస్తాను. ఆసియా అన్నారు గానీ ఇరాన్, అరబ్ దేశాలు పక్క బిల్డింగ్ వాళ్లవి. ఉజ్బెకిస్తాన్ కావాలంటే రష్యన్ విభాగానికి వెళ్లాలి. ఇంత కత్తిరించాక మొదటి సెమిస్టర్‌లో మాతో చదివించింది ఏమిటి? ఎడ్వర్డ్ సయీద్ 1978 నాటి ‘ఓరియంటలిజం’. అందులో చర్చ చాలా మటుకు అరబ్, ఇస్లాం ప్రపంచం గురించి, అంటే తమరు పక్క బిల్డింగ్‌కు రాసిచ్చేసిన ఆసియా గురించి. తూర్పును బయటివాళ్లు తమకు నచ్చినట్టు గీసుకున్నారని ఆయన మొత్తుకుంటే, ఆ పాఠాన్ని తమరు గీసుకున్న మ్యాప్ కింద కూర్చోబెట్టి చెప్పారు.

తెలుగు ఊసెత్తను. 2011 జనగణన ప్రకారం 8 కోట్లకు పైగా మంది మాతృభాష. తమరి జాబితాలో ‘ఇతరములు’లోనైనా లేదు. అయినా లైబ్రరీ కింది అంతస్తులో తెలుగు పుస్తకాలు అల్మరాల నిండా ఉన్నాయి. ఇండియాకు అమ్మిన గోధుమల తాలూకు రూపాయలతో, పీఎల్-480 పథకం కింద 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కొని అమెరికా యూనివర్సిటీలకు పంపిన పుస్తకాల బాపతు. నాసిరకం కాగితం, పెళుసుబారిన అంచులు, కొన్నింటికి పేజీలు కోయను కూడా కోయలేదు. ఎవరో ఒకరు చదువుతారనే నమ్మకంతో తెప్పించిన మనుషులు ఒకప్పుడు ఇక్కడ ఉండేవారన్నమాట. వాళ్ల మీద మాత్రం నాకు గౌరవం ఉంది. తమరిని పూర్తిగా తిట్టలేకపోవడానికి ఆ అల్మరాలూ ఒక కారణం.

ఇంకో కారణం మాకు ఇండోనేషియన్ చెప్పే మేడం. ఇక ఇక్కడి నుంచి తమరు, మనవి, ఇవేవీ రావు, ఏమనుకోకండి.

ఆవిడకు ఇచ్చేది క్లాసు లెక్కన జీతం. క్లాసు రద్దంటే జీతమూ రద్దే. ఆ మాట ఆవిడకు ఎలా తెలిసిందో తెలుసా? మాకు వచ్చిన మెయిల్ కాపీ వేస్తే తెలిసింది. మెనులిస్‌లో ‘త’ ఎందుకు పోయిందో ప్రతి ఒక్కరి పక్కన కూర్చుని ఓపికగా చెప్పిన మనిషి. మీ బ్రోషర్ నాలుగో పేజీలో బోర్డు ముందు నవ్వుతూ నిలబడి ఉన్నది ఆవిడే. ఫోటో కావాల్సి వచ్చినప్పుడు ఆవిడ క్లాసు నిండుగానే కనిపించింది, జీతం ఇవ్వాల్సి వచ్చేసరికి తలలు లెక్కపెట్టారు. డైరెక్టర్ గది తలుపు మీద పేరు మార్చడానికి, లోగో మార్చడానికి, ‘ఆసియా వారం’ బ్యానర్లకు డబ్బు దొరుకుతుంది. భాష చెప్పే మనిషికి దొరకదు. సిగ్గుండాలి కదండీ!

ఆవిడ ఏమన్నారో కూడా చెప్తాను. సాయంత్రాలు క్యాంటీన్‌లో కూర్చుందాం, నేను చెప్తాను, పాఠం మధ్యలో ఆపితే మర్చిపోతారు అన్నారు. ఊరికే. ఆవిడ చెప్తారు, మేం నేర్చుకుంటాం, మీ రికార్డులో సున్నా క్రెడిట్లు పడతాయి. మేం మాత్రం ఊరికే చెప్పించుకోం, తలా కొంత వేసుకుంటాం. కాబట్టి వచ్చే వారం మీ కమిటీ ముందుకు నేను రెండు కాగితాలు తెస్తున్నాను. ఒకటి, ఆ క్యాంటీన్ చదువును స్వతంత్ర అధ్యయనంగా గుర్తించి క్రెడిట్లు, ఆవిడకు జీతం ఇవ్వమనే అర్జీ. రెండోది, అది కుదరకపోతే బ్రోషర్‌లోంచి ఇండోనేషియన్ పేరు, బోరోబుదూర్ బొమ్మ, మేడం ఫోటో తీసేయమనే అర్జీ. ఏదో ఒకదాని మీద సంతకం పెట్టండి. సంతకం ఏ విభాగం వాళ్లు పెట్టాలో ఆలోపే తేల్చుకుని రండి.

ఇట్లు,
ఇంకా మీ జాబితాలోనే ఉన్న ఒక విద్యార్థి