‘హైదరాబాదోళ్లకు ఓటంటే లెక్కలేదు’ అనే పోస్టుకు జవాబు

లోక్‌సభ పోలింగ్ ముగిసిన రాత్రి నుంచే ఫ్యామిలీ గ్రూపుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో ఒక పోస్టు తిరగడం మొదలవుతుంది. 2024 మే 13 తర్వాత అయితే చూడని వాళ్లుండరు. మాటలు అటూ ఇటూ మారినా విషయం ఇదీ: "రోజంతా ఫోన్‌లో రాజకీయాలు దంచే హైదరాబాదోళ్లు పోలింగ్ రోజు మాత్రం ఇల్లు కదలరు. సగం మందికి పైగా ఓటే వేయలేదు. మూడు రోజులు సెలవు దొరికిందని టూర్లకు చెక్కేశారు. ఏసీ గదుల సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఓటు విలువేం తెలుసు? బస్తీ జనమే ఎండలో లైన్ కట్టారు. ఓటేయని వాడికి ప్రభుత్వాన్ని అడిగే హక్కు లేదు. అలాంటి వాళ్ల బ్యాంకు ఖాతాలోంచి 350 రూపాయలు కట్ చేస్తున్నారు, మంచి పని." కింద ఒక ఖాళీ పోలింగ్ బూత్ ఫోటో, ఆ కింద వరసగా దండాలు.

ఇందులో నిజం కొంత ఉంది. నగరంలో పోలింగ్ జిల్లాల కంటే తక్కువే. 2024లో హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో 48.48 శాతం, సికింద్రాబాద్‌లో 49.04, మల్కాజిగిరిలో 50.78 శాతం పోలైతే, పక్కనే ఉన్న భువనగిరిలో 76.78 శాతం పోలైంది. బద్ధకించి ఇంట్లో పడుకున్నవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని పోస్టు చెప్పే మిగతా సంగతులు ఒక్కోటీ విప్పి చూస్తే నిలబడవు.

ముందు ఆ ఫోటో సంగతి తేల్చేద్దాం. మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు తీస్తే హైదరాబాద్‌లో ఏ బూత్ అయినా అలాగే ఉంటుంది. జనం పొద్దున ఏడింటికే వచ్చి వెళ్తారు, లేదంటే ఎండ తగ్గాక సాయంత్రం వస్తారు. అంకెలదీ ఇదే కథ. పోలింగ్ రోజు సాయంత్రం 5 గంటలకు టీవీలో వచ్చిన లెక్క హైదరాబాద్‌కు 40 లోపే ఉంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి తిట్టినవాళ్లు, తుది లెక్క 48 దాటాక దాన్ని షేర్ చేయలేదు. 2019లో ఇదే స్థానంలో పోలైంది 44.84 శాతం. అంటే ఐదేళ్లలో మూడున్నర శాతం పైగా పెరిగింది. తిట్టే పోస్టుకు ఆ మాట పనికిరాదు కాబట్టి అందులో ఉండదు.

ఇక "సగం మందికి పైగా ఓటేయలేదు" అనే మాట. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. శాతం అనేది ఓటర్ల జాబితాలోని పేర్ల మీద కట్టే లెక్క, నగరంలో ఉంటున్న మనుషుల మీద కాదు. హైదరాబాద్‌లో పేర్లకూ మనుషులకూ పొంతన ఎంత తక్కువో తెలియాలంటే పోలింగ్‌కు వారం ముందు ఏదైనా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గదిలోకి తొంగి చూస్తే చాలు. బూత్ లెవెల్ ఆఫీసర్ ఇచ్చి వెళ్లిన ఓటరు స్లిప్పుల కట్ట అక్కడుంటుంది. మియాపూర్‌లో మేమున్న అపార్ట్‌మెంట్‌లో ఆ కట్ట నేనే తిరగేశాను. ఒకే ఫ్లాట్ నంబరు మీద మూడు ఇంటిపేర్లు. ముందు అద్దెకున్న వాళ్లు, అంతకు ముందున్న వాళ్లు, వాళ్లకంటే ముందు ఇల్లు కొని అమెరికా వెళ్లిపోయిన ఓనరు. ఇప్పుడు అందులో ఉంటున్న భార్యాభర్తల పేర్లు మాత్రం ఆ కట్టలో లేవు. "వీళ్లెవరూ ఇక్కడ లేరు కదా సార్, ఏం చేయమంటారు?" అని వాచ్‌మన్ అడిగితే, స్లిప్పులు ఇచ్చినాయన "ఉంచండి, ఎవరైనా వస్తే ఇవ్వండి" అని వెళ్లిపోయాడట. ఆ స్లిప్పులన్నీ పోలింగ్ తర్వాత చెత్తబుట్టలోకి పోయాయి. లెక్కలో మాత్రం వాటి మీద ఉన్న ప్రతి పేరూ "ఓటేయని హైదరాబాదీ"యే.

ఇది మా ఒక్క అపార్ట్‌మెంట్ సంగతి అనుకోకండి. 2023 జనవరి నుంచి 2024 లోక్‌సభ ఎన్నికల ముందు వరకు హైదరాబాద్ జిల్లాలోని 15 అసెంబ్లీ నియోజకవర్గాల జాబితాల నుంచి 5.41 లక్షల పేర్లు తీసేశామని ఎన్నికల అధికారులే ప్రకటించారు. అందులో చనిపోయినవాళ్లవి 47 వేల పైచిలుకు, రెండుసార్లు నమోదైనవి 54 వేల పైచిలుకు. మిగిలిన దాదాపు 4.4 లక్షల పేర్లు ఇల్లు మారి వెళ్లిపోయినవాళ్లవి. ఇంత ఏరేశాక కూడా మా వాచ్‌మన్ గదిలో ఆ కట్ట అంత లావుంది. జాబితాలోని ప్రతి వంద పేర్లలో పది మనుషుల్లేని పేర్లే అనుకుందాం. అప్పుడు 48 మంది ఓటేసింది 90 మందిలో. శాతం 53 దాటుతుంది. భువనగిరితో ఉన్న తేడా దీనితో పూర్తిగా పూడిపోదు, నిజమే. కానీ తిట్లకు కారణమైన ఆ "సగం కంటే తక్కువ" అనే ముద్ర అక్కడే చెరిగిపోతుంది.

జాబితాలో పేరును కొత్త అడ్రసుకు మార్పించుకోవచ్చు కదా అంటారు. ఫారం 8 నింపితే మారుతుంది, నిజమే. పదకొండు నెలల అగ్రిమెంటు మీద ఇళ్లు మారేవాడు ప్రతిసారీ ఆ పని పెట్టుకోడు. పెట్టుకున్నా, చాలామంది ఓనర్లు అద్దె కాగితం మీద సంతకం పెట్టడానికే నసుగుతారు, కరెంటు బిల్లు ఓనరు పేరు మీదే ఉంటుంది. ఈ బాధ సొంత ఇల్లున్న వాళ్లకు తెలియదు. గ్రూపుల్లో ఎక్కువగా నీతులు చెప్పేదీ వాళ్లే.

"మూడు రోజుల సెలవని టూర్లకు చెక్కేశారు" అనే మాట చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. 2024లో రెండో శనివారం, ఆదివారం, సోమవారం పోలింగ్ కలిసొచ్చిన మాట వాస్తవం. ఆ మూడు రోజులూ జనం కదిలిన మాటా వాస్తవం. ఎటు కదిలారో చూడాలి. శుక్రవారం రాత్రి కేపీహెచ్‌బీ దగ్గర, ఎల్బీనగర్ చౌరస్తాలో సంచులు, పిల్లలతో రోడ్డు అంచునే నిలబడి బస్సు బస్సుకీ చేయెత్తినవాళ్లు గోవాకు పోలేదు. విజయవాడ హైవే మీద పంతంగి టోల్ ప్లాజా దగ్గర కార్లు బారులు తీరాయి. వాళ్లంతా వెళ్లింది గుంటూరుకు, ఏలూరుకు, అమలాపురానికి, శ్రీకాకుళానికి. ఆ సోమవారమే ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకీ లోక్‌సభకూ కలిపి పోలింగ్. అక్కడ మొత్తం 81.86 శాతం ఓట్లు పడ్డాయి. 2019 ఏప్రిల్ 11న కూడా రెండు రాష్ట్రాల్లో ఒకే రోజు పోలింగ్ జరిగింది. అప్పుడూ ఇదే హైవే, ఇదే రద్దీ.

రెండు చోట్ల పేరుండకూడదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 17, 18 సెక్షన్లు స్పష్టంగా చెబుతాయి. అయినా చాలామందికి ఉంది. అది తప్పే, నేను సమర్థించను. కానీ అలా ఊరెళ్లి ఓటేసి వచ్చిన మనిషిని, ఇక్కడి జాబితాలో పేరు మిగిలిపోయిందని "ఓటు విలువ తెలియనివాడు" అనడం అన్యాయం. పదిహేను గంటలు బస్సులో నలిగి ఓటేసి, మంగళవారం పొద్దున మళ్లీ డ్యూటీ ఎక్కాడు ఆయన. ఊళ్లో ఓటు ఎందుకు వదులుకోరో కూడా చూడాలి. అక్కడ అమ్మానాన్నల పింఛను ఉంటుంది, పొలం పాస్‌బుక్ ఉంటుంది, రేపు ఏ సర్టిఫికెట్ కావాలన్నా సంతకం పెట్టే మనిషికి మన మొహం గుర్తుండాలి. మియాపూర్‌లో కార్పొరేటర్ ఎవరో చాలామందికి పేరు కూడా తెలియదు. అవసరం ఎక్కడుంటే ఓటు అక్కడికే పోతుంది.

"సాఫ్ట్‌వేర్ వాళ్లు వేయరు, బస్తీ వాళ్లు వేస్తారు" అనేది వినడానికి బాగుంటుంది. పేదవాడిని పొగిడినట్టూ ఉంటుంది, ఎదుటి ఫ్లాట్ కుర్రాడికి చురక పెట్టినట్టూ ఉంటుంది. అంకెలు మాత్రం ఒప్పుకోవు. 2023 నవంబరు 30న జరిగిన అసెంబ్లీ ఎన్నికల్లో రాష్ట్రం మొత్తం మీద అతి తక్కువ పోలింగ్ నమోదైంది పాతబస్తీలోని యాకుత్‌పురాలో. 40 శాతం కూడా దాటలేదు. అక్కడ గేటెడ్ విల్లాలూ లేవు, ఐటీ టవర్లూ లేవు. 2025 నవంబరులో జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక జరిగి 50 శాతం లోపే పోలైతే, "ధనవంతులకు ఓటు పట్టదు" అని మీమ్స్ వెల్లువెత్తాయి. ఆ మీమ్స్ చేసినవాళ్లు ఆ నియోజకవర్గాన్ని పేరు చూసి తీర్పు చెప్పారు. అందులో ఉన్నది బోరబండ, రహ్మత్‌నగర్, ఎర్రగడ్డ, యూసఫ్‌గూడ. ఆ గల్లీల్లో చాలామంది కూలీలు, డ్రైవర్లు, మేస్త్రీలు, అద్దె గదుల్లో ఉండి కోచింగ్ తీసుకునే పిల్లలు.

మరి పాతబస్తీలో ఎందుకు తగ్గుతుంది? జాబితా రోగం అక్కడా ఉంది. దానికి తోడు ఇంకొకటి. హైదరాబాద్ లోక్‌సభ స్థానాన్ని 1984 నుంచి మజ్లిస్ పార్టీని నడిపే ఒవైసీ కుటుంబం వదల్లేదు. 2004 దాకా సలావుద్దీన్ ఒవైసీ, ఆ తర్వాత అసదుద్దీన్ ఒవైసీ. 2024లో ఎంత హడావుడి జరిగినా, సోషల్ మీడియాలో దేశమంతా ఈ సీటు గురించే మాట్లాడినా, ఆయన మెజారిటీ 3,38,087. ఫలితం ముందే తెలిసిన చోట గెలిపించేవాడికీ తొందర ఉండదు, ఓడించాలనుకునేవాడికీ ఆశ ఉండదు. ఇది ప్రపంచంలో ఎక్కడైనా జరిగేదే. దీన్ని ఒక ఊరి జనం గుణంగా చెప్పడం తప్పు.

పోలింగ్ రోజు జీతంతో సెలవు ఇవ్వాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 135బి సెక్షన్ ఉంది. ఇవ్వని యజమానికి జరిమానా ఎంతో తెలుసా? 500 రూపాయల వరకు. షాపుల్లో, హోటళ్లలో పనిచేసేవాళ్లలో ఈ సెక్షన్ పేరు విన్నవాళ్లెందరు? ఇక బైకు మీద డబ్బాలు మోసే డెలివరీ కుర్రాడికి నెల జీతమే లేదు, ఆర్డరు లెక్కన డబ్బు. ఓటరు లైన్లో రెండు గంటలు నిలబడితే ఆ రెండు గంటల సంపాదన పోయినట్టే. పోలింగ్ రోజు మధ్యాహ్నం బిర్యానీ తెప్పించుకుని, తింటూ "జనానికి బాధ్యత లేదు" అని పోస్టు పెట్టేవాళ్లు ఆ బిర్యానీ తెచ్చినవాడు ఓటేశాడా అని అడిగారో లేదో.

"ఓటేయని వాడికి అడిగే హక్కు లేదు." ఈ మాటకు కొంత పేరున్న మూలం ఉంది. 2017 ఫిబ్రవరిలో ఆక్రమణల మీద వేసిన ఒక పిటిషన్ విచారిస్తూ, తానెప్పుడూ ఓటేయలేదని ఒప్పుకున్న పిటిషనర్‌తో అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఖేహర్ బెంచ్ దాదాపు ఇదే మాట అంది. అయితే అది విచారణలో నోటితో అన్న మాట, తీర్పు కాదు. తీర్పు కావాలంటే 2013 సెప్టెంబరు 27న వచ్చినది చూడాలి. ఓటింగ్ యంత్రం మీదికి నోటా మీట వచ్చింది దాని వల్లే. ఎవరికీ ఓటేయకుండా ఉండే హక్కు కూడా భావప్రకటనలో భాగమేనని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. రాజ్యాంగం 19వ అధికరణ మాట్లాడే స్వేచ్ఛ ఇస్తూ వేలికి సిరా ఉందా అని అడగలేదు. పదిహేడేళ్ల పిల్ల స్కూల్లో మరుగుదొడ్డి లేదని అడగకూడదా? విచారణ ఖైదీకి చట్టమే ఓటు లేదంది, అతను కూడా నోరు మూసుకోవాలా? సబ్బు, నూనె కొన్న ప్రతివాడూ పన్ను కడుతున్నాడు, అడిగే హక్కుకు అది చాలు.

చివరిది, 350 రూపాయల కోత. అచ్చమైన అబద్ధం. 2019లో ఒక హిందీ పత్రిక హోలీ సరదాకు వేసిన ఉత్తుత్తి వార్త అది. ఎన్నికల సంఘం అలాంటి నిర్ణయమేదీ తీసుకోలేదని ప్రభుత్వ సమాచార విభాగం ఖండించినా ప్రతి ఎన్నికకూ మళ్లీ లేస్తుంది. ఎవరు ఓటేశారో రాసుకునేది ఫారం 17ఏ అనే కాగితం రిజిస్టరులో, పోలింగ్ అయ్యాక దానికి సీలు వేస్తారు. బ్యాంకులకు దానితో సంబంధమే లేదు.

అబద్ధమే అయినా అది నిజమైతే బాగుండునని కోరుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ పోస్టు కింద దండాలు పెట్టేది వాళ్లే. గుజరాత్ స్థానిక ఎన్నికల్లో ఓటు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది, 2015లో అక్కడి హైకోర్టు దాన్ని ఆపింది. ఆస్ట్రేలియాను చూపిస్తారు. అక్కడ 1924 నుంచి తప్పనిసరి, ఓటేయకపోతే 20 డాలర్ల జరిమానా, తొంభై శాతం దాకా పోలింగ్. కానీ అక్కడ పోలింగ్ శనివారం పెడతారు, ముందుగానే వెళ్లి ఓటేయొచ్చు, పోస్టులో పంపొచ్చు, రాష్ట్రంలో ఏ బూత్‌కైనా వెళ్లొచ్చు. జరిమానా వేసేముందు సాకు లేకుండా చేశారు. మన దగ్గర ఇంటి నుంచి ఓటు 2024లో 85 ఏళ్లు దాటినవాళ్లకు, 40 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్లకు మాత్రమే ఇచ్చారు. ఉన్న చోటు నుంచే సొంతూరి ఓటు వేసే యంత్రం ఒకటి ఎన్నికల సంఘం తయారు చేయించింది. ఒక్కో యంత్రం 72 నియోజకవర్గాల ఓట్లు తీసుకోగలదు. 2023 జనవరి 16న ఢిల్లీలో పార్టీలను పిలిచి చూపిద్దామనుకుంటే, చాలా ప్రతిపక్ష పార్టీలు అనుమానాలు లేవనెత్తాయి, ప్రదర్శన అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిన 2024 లోక్‌సభ ఎన్నికల్లో అది లేదు. కేపీహెచ్‌బీ రోడ్డు మీద బస్సుకు చేయెత్తినవాళ్లు ఆ రాత్రి కూడా చేయెత్తుతూనే ఉన్నారు.