రీమాస్టర్ పేరుతో పాట గొంతు నొక్కేస్తున్నారు

మంచి హెడ్‌ఫోన్స్ దొరుకుతున్నాయి. వాటికి తగ్గ రికార్డింగ్ ఉన్న ఆల్బమ్ దొరకడమే గగనమైపోయింది.

గాయని ఊపిరి తీసుకునే చప్పుడు, గిటార్ తీగ మీద వేలు జారే శబ్దం, స్వరం ఆగాక గదిలో మిగిలే ప్రతిధ్వని... హెడ్‌ఫోన్స్ పెట్టుకునేదే వీటి కోసం కదా! ఏది పెట్టినా మొదటి సెకను నుంచి చివరిదాకా ఒకటే మోత. మెల్లని శబ్దాలను పైకి లేపి, పెద్దవాటి తలలు నరికి, అన్నిటినీ ఒకే మట్టానికి తెచ్చేస్తారు. డ్రమ్ దెబ్బలో పదునే ఉండదు. కాసేపటికే చెవులు అలిసిపోతాయి.

1982లో వచ్చిన సీడీలోనే, 16 బిట్లతో, అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య దాదాపు 96 డెసిబెల్స్ తేడాకు చోటుంది. అంత చోటిస్తే పాటంతా పై అంచున కుక్కేస్తారు. పైగా దానికే 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ అని మేలురకం ముద్ర వేసి ఎక్కువ డబ్బులు అడుగుతారు. మాస్టరింగే, అంటే విడుదలకు ముందు పాట శబ్దాన్ని చివరిగా సర్దే పనే పాడైతే ఆ అంకెలు ఏం చేసుకోవాలి?

స్ట్రీమింగ్ యాప్‌లు చాలావరకు పాటలన్నిటి వాల్యూమ్‌నూ ఒకే స్థాయికి సర్దేస్తున్నాయి. మరి మిగతా పాటలకంటే గట్టిగా వినిపించాలనే ఈ పోటీ ఇంకా ఎవరి మీద? గట్టిగా చేసిన పాట అక్కడ గట్టిగా కూడా వినిపించదు, చదునుగా వినిపిస్తుంది, అంతే.

నాకు అసలు మండేది రీమాస్టర్లతో, అంటే పాత పాటకు మాస్టరింగ్ మళ్లీ చేసి వదిలే వెర్షన్లతో. హాయిగా విన్న పాత వెర్షన్ ఓ రోజు చెప్పాపెట్టకుండా మాయం, దాని స్థానంలో ఈ మోత. రెండూ ఉంచండి. ఏ ఏడాది మాస్టరో, ఎవరు చేశారో పక్కనే రాయండి. ఏది వినాలో మేం చూసుకుంటాం.