పేలని తుపాకీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ త్రీ నాట్ త్రీ రైఫిల్ గారి దివ్య సముఖమునకు,

నమస్కారాలు. తమరికి లైసెన్సు అక్కర్లేదని రాయించుకుందామని తీసుకెళ్తే, ఈ మధ్యాహ్నమంతా తమరు ఆయుధాల లైసెన్సు ఆఫీసు బల్ల మీద దర్జాగా పడుకున్నారు. నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. తమర్ని పాత దుప్పట్లో చుట్టి మూడు లాంతర్ల దగ్గర ఆటో ఎక్కించినప్పుడు డ్రైవరు "ఏటి మాస్టారూ అది?" అన్నాడు. నిజం చెప్పాను. కిరాయి రెట్టింపయింది.

తమరు పుట్టింది యుద్ధానికే అయినా, బతికింది పాఠం చెప్పడానికి. లోపలి పని కనిపించేలా తమర్ని అక్కడక్కడా కోసి పెట్టారు: గొట్టానికో కిటికీ, తూటాని లోపలికి తోసి మూసే బోల్టుకో కిటికీ, తూటాలుండే మ్యాగజైనుకో కిటికీ. తమరి ఒంట్లో ఉన్నంత గాలీ వెలుతురూ విజయనగరంలో ఏ అద్దె ఇంటికీ లేవు. తూటా కూర్చునే చోటే చిటికెన వేలు పట్టేంత కంత. అక్కడ తూటా పేలితే చదరపు అంగుళానికి 40 వేల పౌండ్లు దాటిన ఒత్తిడి పుడుతుంది. ఆ పేలుడంతా ఆ కంతలోంచే, పేల్చినవాడి చెవి పక్కనే బయటికొస్తుంది. ఇంత క్షేమకరమైన తుపాకీ శత్రువుకి ఇంకోటి దొరకదు.

ఇదంతా నేను చెప్తే ఓపిగ్గా విన్న ఆఫీసరు గారు ఆ కంతలో తన పెన్ను దూర్చి, అటూ ఇటూ తిప్పి, బయటికి తీసి, "ఎన్ని రౌండ్లు కొడతాది?" అన్నారు.

ఇంతలో పక్క బల్ల ఆయన తమరి మీద ముద్ర చదివారు. కిరీటం, జి.ఆర్.ఐ. (అంటే చక్రవర్తి జార్జి రాజు గారి పొడి అక్షరాలు), ఈషాపూర్, 1917. "ఇచ్ఛాపురంలో తుపాకులు తయారుచేస్తన్నారా!" అని ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. అది కలకత్తా దగ్గర ఈషాపూర్ అండీ, తెల్లవాళ్ల కాలం నాటి రైఫిల్ ఫ్యాక్టరీ అండీ అని నచ్చజెప్పేలోపు శ్రీకాకుళం జిల్లాకి ఫోన్ వెళ్లిపోయింది. పాపం, ఇచ్ఛాపురం వాళ్లకి ఈ సంగతి ఇంకా తెలిసి ఉండదు.

సరే, చట్టమే చదివి వినిపించాను. ఆయుధాల చట్టం, 1959, సెక్షన్ 45. పాతకాలపు నమూనాది గానీ, పురాతన విలువ ఉన్నది గానీ, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరానిదైతే ఈ చట్టం దానికి వర్తించదు. ఎంత స్పష్టంగా ఉంది! ఆయన తలూపారు. తలూపుతూనే, "మరి రిపేరు చేయిస్తే?" అన్నారు.

రిపేరు! గొట్టం మార్చాలి, బోల్టు మార్చాలి, మ్యాగజైను మార్చాలి, వీటన్నిటినీ పట్టుకునే బాడీనే మార్చాలి. అన్నీ మార్చాక మిగిలేది కర్ర. దాన్ని రిపేరు అనరు, కొత్త తుపాకీ కొనడం అంటారు. నేను ఐటీఐలో మెషినిస్టు పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి, ఈ ఇనుముకి అతుకు వేస్తే నిలవదని రాసిస్తానన్నాను. కుదరదట. పేలదని ఇంకో ఆఫీసు రాసివ్వాలట. ఆ ఆఫీసుకి ఇదివరకే వెళ్లొచ్చాను. "మేం పేల్చి చూసి సర్టిఫికెట్ ఇస్తాం. ఇది పేలదు కదా, ఎలా ఇస్తాం?" అన్నారు వాళ్లు.

ఇంకోసారి చదవండి తమరు. పేలదు కాబట్టి, పేలదని రాసివ్వరు!

ఏం, నీకు నోరు లేదా? ఒళ్లంతా కంతలు పెట్టుకుని, పేగులన్నీ బయటపెట్టుకుని, అంతమంది ముందు పులిలా ఎందుకు కనిపిస్తావు? ఇంట్లో మాత్రం పిల్లివే. దసరాకి మా ఆవిడ స్కూటరుకీ మిక్సీకీ పెట్టిన చేత్తోనే నీకూ బొట్టు పెడుతుంది, ఎంత బుద్ధిగా పెట్టించుకుంటావో! నీ కంటే ఆ నకిలీ సరుకు నయం. మొన్న ఎవడో కవాతుకి వాడే పాత డ్రిల్లు రైఫిల్ని గ్రైండరుతో అడ్డదిడ్డంగా కోసి, అంచులకి ఎర్రరంగు పూసి, ప్రపంచ యుద్ధం నాటి ట్రైనింగ్ పీసు అని అమ్మజూపాడు. కోసిన చోట కనపడేది ఏమీ లేదు, ఉత్త ఇనుము. వాడికి ఏ సర్టిఫికెట్టూ అడ్డం రాలేదు.

అక్కడ మనల్ని మనుషుల్లా చూసింది ఒక్క హోంగార్డే. ఎన్‌సీసీలో నీలాంటిదాన్ని మోశాడట. బోల్టు వెనక్కి లాగి ముందుకు తోశాడు. చివర్లో గట్టిగా తగలడం అతనికి అప్పట్నుంచీ అర్థం కాని సంగతే. కిటికీలోంచి చూపించాను. బోల్టు ముందుకెళ్తుంటే కిందున్న కొక్కెం దాని వెనక ముక్కని ఆపేస్తుంది, మధ్యలో స్ప్రింగు నొక్కుకుపోతుంది, చేతికి తగిలేది అదే. జర్మన్ల మౌజర్ 98 రైఫిల్‌కి బోల్టు పిడి పైకెత్తేటప్పుడే అయిపోయే పని నీకు మూసేటప్పుడు. "ఓర్నీ! ఇదా సంగతి" అన్నాడతను. మ్యాగజైను కిటికీ దగ్గరికొచ్చాం. పైనున్న తూటా మడమ అంచు, కిందున్న తూటా మడమ అంచుకి ముందుండాలి, వెనక పడిందా ఇరుక్కుపోతుంది. డమ్మీ తూటాలు పెట్టి ఇరికించాడు, విడిపించాడు, మళ్లీ ఇరికించాడు. వందేళ్లు దాటినా నీ పాఠంలో ఒక్క ముక్క తప్పలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

అప్పుడే ఆఫీసరు గారు అటు చూసి, "ఏయ్, లోడ్ చేస్తన్నావేటి!" అని అరిచారు. దాంతో ఫైలు మీద ఇంకో పేజీ పెరిగింది.

సోమవారం మళ్లీ రమ్మన్నారు. నీ ఫోటోలు నాలుగు, నావి రెండు కావాలట. ఆటో కిరాయి ఈసారి నువ్వే ఇచ్చుకో.

ఇట్లు,
నీ లైసెన్సు లేని యజమాని